అక్కా, తినాల్నా?

పెర్త్‌లో కానింగ్ వేల్ అనే పేటలో చాముండేశ్వరి ఆంటీ వాళ్ళ ఇంటి వెనక, నిమ్మచెట్టు పక్కన, నేను అద్దెకున్న ఒంటి గది ఇల్లు ఒకటుంది. ఇక్కడ దాన్ని గ్రానీ ఫ్లాట్ అంటారు. ఒక మూల వంటగట్టు, ఇంకో మూల మంచం, పక్క తలుపు తీస్తే బాత్‌రూమ్. పైన రేకు. వాన పడితే ఫోన్‌లో అవతలి వాళ్ళ మాట వినబడదు. రెండేళ్ళ కిందట చలికాలంలో అక్కడ నాకు జరిగింది చెబుతాను. ఇంతవరకు పూర్తిగా ఎవరికీ చెప్పలేదు. డాక్టర్‌కి సగం చెప్పాను. ఆంటీకి ఇంకో సగం చెప్పాను.

నా పేరు సాహిత్య. మాది తణుకు. పెర్త్‌కి చదువుకోడానికి వచ్చాను. ఇక్కడే ఉండిపోయేందుకు పీఆర్ వచ్చాక రక్తపరీక్షల సెంటర్‌లో ఉద్యోగంలో చేరాను. పొద్దున్న ఏడు నుంచి మధ్యాహ్నం మూడు దాకా, వచ్చినవాళ్ళ చేతుల్లో నరం వెతికి రక్తం తీయడం నా పని. రోజుకి నలభై మందిని ముట్టుకుంటాను. వాళ్ళతో మాట్లాడేది మాత్రం పేరు, పుట్టిన తేదీ, కొంచెం చురుక్కుమంటుంది అన్న ఒక్క మాట. మూడు దాటాక నాతో మాట్లాడేవాళ్ళు లేరు.

అంతకు ముందు స్నేహ ఉండేది. మూడేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. ఆ ఏడు మార్చిలో పెళ్ళి చేసుకుని పారమట్టా వెళ్ళిపోయింది. నేనూ సిడ్నీ వెళ్ళి నాలుగు రోజులు పెళ్ళి పనుల్లో తిరిగాను. తర్వాత ఫోటోలు పెట్టారు. అందరం వరసగా నిలబడ్డ ఫోటో కింద ఎవరో రాశారు, చివర్న ఆ ఆంటీ ఎవరు అని. చివర్న ఉన్నది నేను. నాకప్పుడు ఇరవై ఏడు. దాని కింద పద్నాలుగు నవ్వు బొమ్మలున్నాయి. ఎవరెవరు నవ్వారో ఒక్కొక్కటీ నొక్కి చూశాను. ఒకటి స్నేహది.

ఆ రాత్రి నుంచి నేను ఫోన్‌లో చూసేవి మారిపోయాయి. ఒంటి మీద ఎక్కడా మడత లేని అమ్మాయిలు. అద్దం ముందు పక్కకి తిరిగి టీషర్ట్ పైకెత్తి చూపించే అమ్మాయిలు. రెండు చూస్తే ఫోన్ ఇరవై చూపించేది. తెల్లవారుజామున లేచి పరిగెత్తేవాళ్ళు, గాజుసీసాలో ఆకుపచ్చ నీళ్ళు తాగేవాళ్ళు, ఒక్కొక్క ఎముకనీ కెమెరాకి చూపించి క్రమశిక్షణ అనేవాళ్ళు. వాళ్ళలో ఒక పేజీ తొంభై రోజుల ఛాలెంజ్ పెట్టింది. ఆ పేజీ నడిపే అమ్మాయి ముఖం నేనెప్పుడూ సరిగా చూడలేదు. పొట్టే చూశాను. చేరినవాళ్ళని ఇద్దరిద్దరిగా జత కలుపుతారు. ఒకళ్ళు దారి తప్పకుండా ఇంకొకళ్ళు చూసుకోవాలి. భాష చూసి కలిపారో ఏమో, నాకు తన్మయి వచ్చింది.

తన్మయిది కరీంనగర్. ఇరవై రెండేళ్ళు. బ్రిస్బేన్‌లో స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ అనే చోట అన్నావదినల ఇంట్లో ఉండి యూనికి, అంటే యూనివర్సిటీకి, వెళ్తోంది. మొదటి వాయిస్ మెసేజ్‌లోనే నన్ను అక్కా అంది. అనుకున్న బరువుకి వచ్చేదాకా ముఖం చూపించకూడదని ఆ పేజీ నియమం. అందుకని నాకు తెలిసినవి ఆమె గొంతు, ఆమె పాదాలు. రోజూ పొద్దున్న ఏమీ తినకముందు, బరువు మెషీన్ మీద నిలబడి, అంకె కనబడేలా పాదాలతో ఫోటో తీసి పంపుకోవాలి. నాకు ఐదున్నర. మాకన్నా వాళ్ళ గడియారం రెండు గంటలు ముందు, ఆమెకి ఏడున్నర. ఆమె ఎడమ కాలికి నల్లదారం ఉండేది. ఒకటిన్నర చుట్టు తిప్పి కట్టుకుంది. తర్వాత్తర్వాత అది మూడు చుట్లు తిరిగింది.

ఆ అమ్మాయి లేకపోతే నేను ఆ చలికాలం ఎలా గడిపేదాన్నో తెలీదు. పనినుంచి వచ్చాక ఆమె మెసేజ్‌లు వినేదాన్ని. యూని బస్సు గురించి చెప్పేది. ఇంటి దగ్గర చెరువులో బాతుల గురించి చెప్పేది. వదిన నీరజ మంచిదని, కానీ తినమని చంపుతుందని, కంచంలో అన్నం టిష్యూలో చుట్టి బ్యాగ్‌లో పెట్టుకుంటున్నానని చెప్పి నవ్వేది. వదిన వినకుండా దుప్పటి కింద గుసగుసగా మాట్లాడేది. రేకు మీద వాన పడుతుంటే ఫోన్ చెవికి నొక్కిపెట్టుకుని వినేదాన్ని. నన్ను అక్కా అని పిలిచే మనిషి ఈ దేశంలో ఇంకెవరూ లేరు.

మా ఇద్దరికీ ఒక ఒప్పందం ఉండేది. తినాలనిపిస్తే ముందు ఇంకొకళ్ళకి చెప్పాలి. వాళ్ళు ఆపాలి. ఆమె నన్ను ఆపిన రోజులు తక్కువ. మెత్తని మనిషి, పోనీ తినక్కా అనేది. నేను మాత్రం ఆపడంలో గట్టిదాన్ని. అది ఆకలి కాదమ్మా, అలవాటు అనేదాన్ని. రేపు పొద్దున్న మెషీన్ మీద నిలబడ్డప్పుడు నాకు థాంక్స్ చెబుతావు అనేదాన్ని. చెప్పేది కూడా. నా మాట ఒక మనిషి మీద అంత పని చేయడం నాకు అదే మొదటిసారి. నాకది ఇష్టంగా ఉండేది. ఇప్పుడు చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ, ఉండేది.

చాముండేశ్వరి ఆంటీ ఒక వృద్ధాశ్రమంలో వంట చేస్తుంది. అంకుల్ ఉత్తరాన గనుల్లో పని, మూడు వారాలకోసారి ఇంటికొస్తాడు. ఆవిడ ఆదివారం పూట నా గుమ్మం ముందు డబ్బా పెట్టి తలుపు మీద రెండుసార్లు కొట్టి వెళ్ళిపోయేది. పులిహోర, దోసకాయ పప్పు, ఏదో ఒకటి. నేను దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి, మూడు రోజులు చూసి, చెత్తలో పారేసి, డబ్బా కడిగి ఇచ్చేదాన్ని. ఆవిడ ఒకసారి డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి, కడగనక్కర్లేదమ్మా, తిని ఇవ్వు చాలు అంది.

నలభై ఏడో రోజు. జులై నెల. సాయంత్రం ఆరున్నరకి తన్మయి మెసేజ్ వచ్చింది. ఎప్పటిలా నవ్వు లేదు. మాట మాటకీ మధ్య ఊపిరి.

“అక్కా, గుండె దడదడ అంటున్నది. మెట్లెక్కుతుంటే కండ్లు తిరిగినయ్. వదిన అన్నం కలిపి పెట్టింది. తినాల్నా?”

నేనప్పుడు స్టవ్ ముందు నిలబడి వేడినీళ్ళు కాస్తున్నాను. ఆ పొద్దున్నే ఆమె నాకంటే ముందుకెళ్ళిపోయింది. అనుకున్న బరువుకి ఒక్క కిలో దూరంలో ఉంది. నేనింకా చాలా దూరంలో ఉన్నాను. నాకు అసూయగా ఉందో, గర్వంగా ఉందో చెప్పలేను. రెండూ ఉన్నాయి. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, ఒక్క కిలోనే కదా తన్మయీ, నీళ్ళు తాగి పడుకో అన్నాను. రక్తం తీసే పని నాది. గుండె దడ అంటే ఏమిటో నాకు తెలుసు. తెలిసే అన్నాను.

ఆమె దగ్గర్నుంచి బొటనవేలు బొమ్మ వచ్చింది. అంతే.

మర్నాడు పొద్దున్న ఫోటో వచ్చింది. పాదాలు, నల్లదారం, అంకె. కిలో తగ్గింది. నేను చప్పట్ల బొమ్మలు పంపాను. ఆ రోజు వాయిస్ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అలిగిందేమో అనుకున్నాను. ఫోటోలు మాత్రం రోజూ వచ్చేవి. ఐదున్నరకి కాదు, రెండు నిమిషాలు ముందు. ఐదూ ఇరవై ఎనిమిదికి. అంకె రోజూ తగ్గేది. కొంచెం కొంచెం కాదు. అనుకున్న బరువు దాటి కిందికి... ఇంకా కిందికి. ఎలా తన్మయీ అని అడిగాను. ఇక చాలు కదా అని కూడా అడిగాను. చూసినట్టు నీలం గుర్తు పడేది. జవాబు లేదు. పాదాలు సన్నబడి, వేళ్ళ మీద ఎముకలు గొడుగు పుల్లల్లా తేలాయి. గోళ్ళు నీలంగా ఉన్నాయి. అక్కడ కూడా చలే కదా అనుకున్నాను. నేను ఇంకా తగ్గించుకోవాలనీ అనుకున్నాను.

నా ఒళ్ళు అప్పటికి బాగా పాడైంది. దువ్వెనలో జుట్టు. నోట్లో ఒక వాసన, కుళ్ళిన జామపండుకి గోళ్ళరంగు తుడిచే మందు కలిపినట్టు. ఎంత బ్రష్ చేసినా పోయేది కాదు. రోజుల తరబడి తిండి లేని ఒంటికి అలాంటి వాసన వస్తుందని పనిలో నేర్చుకున్నాను. అరవై ఐదో రోజున బాత్‌రూమ్‌లోకి వెళ్ళగానే ఆ వాసన నాకంటే ముందే అక్కడ ఉంది. నిద్రమత్తులో పట్టించుకోలేదు.

నా మెషీన్ ఫోన్‌కి కలిసి పనిచేసే రకం. ఎవరైనా దాని మీద నిలబడితే బరువు ఫోన్‌లోకి వెళ్తుంది. అలవాటులేని బరువు కనబడితే ఈ కొలత ఎవరిది అని అడుగుతుంది. ఆ పొద్దున్న అది అడిగింది. కొత్త వ్యక్తి, ఐదూ ఇరవై ఎనిమిది. ఆ సమయానికి నేను మంచం మీదే ఉన్నాను, అలారం ఐదున్నరకి. తప్పుగా చూపించిందనుకుని తీసేశాను. మర్నాడు మళ్ళీ అడిగింది. అదే సమయం. నిన్నటికంటే తక్కువ.

అప్పుడు తన్మయి పంపిన ఫోటో తెరిచాను. అంకెలు సరిపోయాయి. చుక్క తర్వాత అంకె కూడా.

ఫోటో పెద్దది చేసి చూశాను. అంతకుముందు ఆమె మెషీన్ కింద తెల్లటి టైల్స్ ఉండేవి. ఈ ఫోటోలో ఆకుపచ్చ టైల్స్. ఒక టైల్ మూల విరిగి ఉంది. విరిగిన చోట ఎవరో బూడిద రంగు సిమెంట్ వేలితో పూసినట్టు పూశారు... అలా పూసింది అంకుల్. నేను ఆ ఇంట్లో చేరిన వారంలో, నా ఎదురుగానే.

చాలాసేపు మంచం మీద కూర్చున్నాను. ఆ రోజు పనికి వెళ్ళలేదు. తెల్లారాక, ఆంటీ కారు బయటికి వెళ్ళిన చప్పుడు విన్నాక, తన్మయికి ఫోన్ చేశాను. ఎప్పుడూ మెసేజ్‌లే తప్ప మేం నేరుగా ఫోన్ చేసుకోలేదు. చాలా సేపు మోగింది. ఒక ఆడమనిషి తీసింది. తన్మయి ఉందా అని అడిగాను. ఆవిడ తను వదిననని, తన్మయి లేదని, పోయి పంతొమ్మిది రోజులైందని చెప్పింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ఫోన్‌కి తాళం ఎవరికీ తెలీదట. ఆమె అన్న భార్గవ్ ఆపేయనివ్వక, రోజూ చార్జింగ్ పెట్టి ఆమె ఫోటో ముందు ఉంచుతున్నారట.

నేను వేళ్ళు మడిచి లెక్క పెట్టాను. పంతొమ్మిది రోజుల కిందట అంటే నలభై ఏడో రోజు.

“ఆ రాత్రి ముద్దలు కలిపి నోటికాడికి తీస్కపోయిన,” అంది నీరజ. గొంతులో ఏడుపు లేదు, అరిగిపోయినట్టుంది. “తింటే అక్క తిడ్తది వదినా అన్నది. మాకు తెలిసినంతల దానికి అక్కలెవ్వరు లేరు. ఆ అక్క మీరేనా?”

“కాదు,” అన్నాను.

యూనిలో క్లాస్‌మేట్‌నని చెప్పాను. అక్క అంటే ఎవరో తెలీదన్నాను. ఆవిడ సరేనమ్మా అని పెట్టేసింది. పెట్టేశాక నా నోట్లో ఆ వాసన ఒక్కసారి ఎక్కువైంది. తర్వాత అర్థమైంది, వాసన నా నోట్లోంచి రావడం లేదు. బాత్‌రూమ్ తలుపు కింద సందులోంచి వస్తోంది.

మధ్యాహ్నం మెషీన్ తీసి, బ్యాటరీలు పీకి, గోనెసంచిలో చుట్టి వీధిలో చెత్తడబ్బాలో పడేశాను. బ్యాటరీలు నా కోటు జేబులో ఉంచుకున్నాను. యాప్ తీసేశాను. చీకటి పడ్డాక ఎవరికైనా ఫోన్ చేయాలనుకుని స్నేహ పేరు దాకా వెళ్ళాను. ఏమని చెప్పాలి. ఒక అమ్మాయి తినాలా అని అడిగితే వద్దన్నానని చెప్పాలి ముందు. అది చెప్పకుండా మిగతాది చెప్పడం కుదరదు. ఫోన్ పక్కన పెట్టేశాను. ఆంటీ ఇంట్లో దీపం కనిపిస్తోంది. ముప్పై అడుగుల దూరం. లేచి వెళ్ళలేదు. రెండు రోజులుగా నీళ్ళు తప్ప ఏమీ తాగలేదు. కోటు విప్పకుండానే దుప్పటి కప్పుకుని, లైట్ వేసుకుని, గోడకి వీపు ఆనించి కూర్చున్నాను. రేకు మీద వాన పడుతుండగా ఎప్పుడో కన్ను అంటుకుంది.

వాన ఆగిపోవడంతో మెలకువ వచ్చింది.

రేకు మీద ఒక్క చుక్క చప్పుడు లేదు. లైట్ వెలుగుతోంది. బాత్‌రూమ్ తలుపు వేసే ఉంది. దాని అవతల తడి టైల్స్ మీద... అడుగు. ఆగి, ఇంకో అడుగు. బరువు లేని అడుగు. తడిసిన కాగితం నేలకి అంటుకుని ఊడినట్టు. మూడో అడుగు. తర్వాత గాజు మీద కాలు పెట్టినప్పుడు మెషీన్ చేసే చిన్న చప్పుడు.

టిక్.

నా చేతిలో ఫోన్ అదిరింది. తీసేసిన యాప్ తెరుచుకుని ఉంది. కొత్త వ్యక్తి. పన్నెండు కిలోలు... చూస్తుండగానే పదకొండు. అది రెండేళ్ళ పిల్ల బరువు. జేబులో చెయ్యి పెట్టాను. బ్యాటరీలు అక్కడే ఉన్నాయి. చల్లగా ఉన్నాయి.

“అక్కా...”

దుప్పటి కింద నుంచి మాట్లాడే గుసగుస. అదే గొంతు.

“అక్కా... తినాల్నా?”

ఆ గొంతు ఎదురు చూసింది. ఊపిరి శబ్దం లేదు. మళ్ళీ అడిగింది. అదే మాట, అదే సాగదీత. ఫోన్‌లో అంకె పది... తొమ్మిది. నాకు అర్థమైంది. ఆ పిల్ల నన్ను ఏమీ చేయడానికి రాలేదు. పంతొమ్మిది రోజులుగా ఆ ఒక్క మాటకి జవాబు కోసం రోజూ వచ్చి నిలబడుతోంది. నేను చప్పట్ల బొమ్మలు పంపుతున్నాను.

“తిను,” అన్నాను. మళ్ళీ అన్నాను. “తిను తన్మయీ. తినమ్మా.”

ఫోన్‌లో అంకె కదలడం ఆగింది.

“నువ్వు తిన్నవా అక్కా?”

అబద్ధం చెప్పలేకపోయాను. మంచం దిగితే కాళ్ళు నిలవలేదు. నేల మీద పాకుతూ ఫ్రిజ్ దాకా వెళ్ళాను. ఆంటీ ఆదివారం ఇచ్చిన పులిహోర డబ్బా ఉంది. బాత్‌రూమ్ తలుపు దగ్గరికి తెచ్చుకుని కూర్చున్నాను. మూత తీశాను. చల్లగా గట్టిపడిన అన్నం. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. దవడలు కదలడం మర్చిపోయాయి. మింగాను. కడుపులోంచి తిరిగి పైకొచ్చింది, మళ్ళీ మింగాను. రెండోది పెట్టుకున్నాను. కళ్ళల్లోంచి నీళ్ళు వాటంతట అవే కారుతున్నాయి.

తలుపు బెత్తెడు తెరుచుకుంది.

లోపల చీకటి. వాసన. నేను అటు చూడలేదు. తల వంచుకుని డబ్బాని ఆ సందులోంచి లోపలికి తోశాను. తర్వాత నమలడం వినబడింది. నెమ్మదిగా, జాగ్రత్తగా, పక్క గదిలో వాళ్ళకి వినబడకూడదన్నట్టు. తర్వాత తొందరగా. తర్వాత ఇంకా తొందరగా... గోళ్ళు ప్లాస్టిక్ గీరుతున్న చప్పుడు. డబ్బాలో ఉన్నది నాలుగు ముద్దలు. ఆ గీరడం ఆగలేదు. ఎంతసేపో. చెవులు మూసుకున్నా దంతాల్లో వినబడింది.

ఆగింది.

టిక్.

“అక్కా... ఎంతున్న?”

ఫోన్ చూశాను. అంకె స్థానంలో గీతలు. ఏ అంకే లేదు. “సరిపోయావు,” అన్నాను. “చాలు తన్మయీ. సరిపోయావు.”

ఆ గొంతు తలుపు సందుకి దగ్గరగా వచ్చింది. నా చెవి ఎత్తున. అంటే ఆమె కూడా నేల మీద కూర్చుని ఉంది, నాలాగే, తలుపుకి అటువైపు.

“ఒక్క కిలోనే గదా...”

నా మాట. నా గొంతులో అన్నట్టే అంది. తర్వాత నాకేమీ గుర్తులేదు.

పొద్దున్న ఏడింటికి ఆంటీ నిమ్మకాయల కోసం పెరట్లోకి వచ్చింది. నా కిటికీలో లైట్ చూసి తలుపు కొట్టింది. జవాబు లేకపోతే తన తాళంతో తీసింది. అంబులెన్స్ వచ్చేదాకా నా తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుందట. ఒంట్లో పొటాషియం అడుగంటిందని, ఇంకొక్క రోజైతే గుండె ఆగేదని ఆస్పత్రిలో చెప్పారు. ఐదు వారాలున్నాను. ఆంటీ పని అయ్యాక రోజూ వచ్చి, తన కంచం కూడా తెచ్చుకుని, నా పక్కన కూర్చుని తినేది. తినమని అనేది కాదు. తను తినేది. ఒక రోజు మాత్రం, నువ్వు తలుపు దగ్గర పడి ఉంటే లోపల నీళ్ళ కుళాయి తిప్పి ఉంది, ఎవరో చెయ్యి కడుక్కుంటున్నట్టు సన్నటి ధార, నేనే కట్టేశాను అంది. ఇంకేమీ అడగలేదు.

ఆస్పత్రి నుంచే నీరజకి ఫోన్ చేశాను. ఆ అక్క నేనేనని చెప్పాను. నేను ఏమన్నానో మాట మాటగా చెప్పాను. “తెల్సు,” అంది ఆవిడ. “కాదు అన్నరు సూడండి, అప్పుడే తెల్సింది.” పెట్టేసింది. మళ్ళీ నేను ఆమెకి ఫోన్ చేయలేదు. చేసే ముఖం లేదు.

ఇప్పుడు నాకు ఇరవై తొమ్మిది. ఆ ఖాతాలన్నీ మూసేశాను. ఆంటీ ఇంట్లో ముందు గదిలోనే ఉంటున్నాను. తింటున్నాను. కొన్ని రోజులు సులభం, కొన్ని రోజులు కాదు.

పోయిన నెల నీరజ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. తన్మయి పోయి రెండేళ్ళు, ఆదివారం వచ్చి భోజనం చేసి వెళ్ళమని. భయపడ్డాను. ఆంటీ, వెళ్ళమ్మా, వెళ్ళి ఆవిడ ముందు తిను అంది. ఆదివారం పొద్దున్న విమానంలో బ్రిస్బేన్ వెళ్ళాను. స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఒకేలాంటి ఇళ్ళ వరసలో వాళ్ళ ఇల్లు. గోడ మీద దండ వేసిన ఫోటో. తన్మయి ముఖం అప్పుడు మొదటిసారి చూశాను. గుండ్రటి బుగ్గలు. నవ్వుతోంది.

నీరజ నన్ను ఏమీ అనలేదు. టేబుల్ దగ్గర కూర్చోబెట్టింది. మూడు కంచాలున్నాయి. ఒకటి నాకు, ఒకటి తనకి, మూడోదాంట్లో అన్నీ వడ్డించి, రోజూ చేసే పనిలా, పైన స్టీలు మూత బోర్లించింది. భార్గవ్‌కి అనుకున్నాను. ఆయన రాడని, నేనున్నంతసేపు ఇంటికి రాలేనన్నాడని ఆవిడ చెప్పింది. నేను తల ఊపాను. అన్నం, పచ్చిపులుసు, బెండకాయ వేపుడు. ఆవిడ చూస్తుండగా తిన్నాను. రెండోసారి కూడా పెట్టించుకున్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

“మీరు ఫోన్ జేసినప్పటి సంది నాకు జర మంచిగనిపిస్తున్నది,” అంది. “ప్రతి ఆదివారం మరిచిపోకుండ చేస్తరు. ఇయ్యాల పొద్దున గూడ.”

నేను చేయలేదన్నాను. ఆస్పత్రి నుంచి చేసిందే ఆఖరని చెప్పాను. ఆవిడ నవ్వి తన ఫోన్ తెచ్చి చూపించింది. నా నంబరు. ఆదివారం తర్వాత ఆదివారం, పైకి జరుపుతుంటే అయిపోవడం లేదు. అన్నిటికంటే పైన ఈ రోజుది. పొద్దున్న ఎనిమిదీ ఐదు, ముప్పై ఒక్క నిమిషాలు. ఆ సమయంలో నేను ఆకాశంలో ఉన్నాను. ఫోన్ ఆపేసి బ్యాగ్‌లో పెట్టాను.

ఏం మాట్లాడానని అడిగాను. 

“ఎప్పటి ముచ్చటనే. తన్మయి మంచిగ తింటున్నదని. ఒళ్ళు జేసిందని.” నీరజ నా వైపు ఓపిగ్గా చూసింది, నేను ఆటపట్టిస్తున్నానన్నట్టు. “మొదట్ల వట్టిదే అనుకున్న. అయినా మీరు చెప్తుంటే వినబుద్ధైతది. ఇయ్యాల మీ ఎంట అదిగూడ కూసుంటదన్నరు. ఇద్దరికి వండుమన్నరు.”

ఆవిడ లేచి కంచాలు తీయడం మొదలుపెట్టింది. నాది తీసింది, తనది తీసింది. మూడో కంచం మీద మూత ఎత్తింది. నేను చూడకూడదనుకున్నాను. చూశాను.

అన్నం కుప్ప నడుమ ఒక చిన్న గుంట. నాలుగు వేళ్ళు పెట్టి ఒక ముద్ద తీసినంత. అంచున పచ్చిపులుసు ఇంకా కిందికి జారుతోంది.

నీరజ ఉలిక్కిపడలేదు. కంచం వెలుగు వైపు తిప్పి, ఆ గుంటని కాసేపు చూసుకుంది.

“నిన్నటికన్న జర ఎక్కువనే తిన్నది,” అంది.